డెమొక్రటిక్ పార్టీలో ఉండి పోరాడాలా, బయటికి వచ్చేయాలా?

ఎడిసన్ పాతకాపు:
2016 జూన్ 6 రాత్రి. తెల్లారితే న్యూజెర్సీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నిక. అధ్యక్ష టికెట్‌కి హిల్లరీతో పోటీపడుతున్న సెనేటర్ బెర్నీ శాండర్స్ తరఫున మేం నలుగురం స్నేహితుడి బేస్‌మెంట్‌లో కూర్చుని ఫోన్లు చేస్తున్నాం. అంతలో అసోసియేటెడ్ ప్రెస్ వార్త: హిల్లరీ క్లింటన్‌కి సరిపడా డెలిగేట్లు (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) వచ్చేశారు, అభ్యర్థి ఆవిడేనని. ప్రైమరీ ఓటుతో నిమిత్తం లేకుండా మహాసభకు వెళ్లే పార్టీ పెద్దలను, అదే సూపర్ డెలిగేట్లను, కలిపి వేసిన లెక్క అది. ఆ తర్వాత ఫోనెత్తిన ఒక పెద్దావిడ "అయిపోయిందంటున్నారుగా, రేపు నేను వెళ్లాలా?" అంది. నా నోట మాట రాలేదు.

అయినా పార్టీని వదల్లేదు. 2021 వచ్చింది. వైట్‌హౌస్, చట్టసభలైన హౌస్, సెనేట్, మూడూ మనవాళ్ల చేతిలోనే. కనీస వేతనం 15 డాలర్లు చేయాలని శాండర్స్ సవరణ పెడితే 42-58తో పోయింది. కాదన్నవాళ్లలో ఎనిమిది మంది మనవైపు కూర్చునేవాళ్లే. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 దగ్గరే ఉంది. గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టు చేసే మనిషికి ఈ పార్టీ ఏం చెబుతుంది? నాకైతే బయటికి వచ్చేయాలనే ఉంది. మీరేమంటారు?

ప్లేనో వాసి:
అన్నా, మీ బాధ నిజం. కానీ సూపర్ డెలిగేట్లను తీసేసినా హిల్లరీకి శాండర్స్ కంటే 30 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. అదీ ఒప్పుకోవాలి. 2018లో రూలు మార్చి, పోటీ ఉంటే మొదటి రౌండులో సూపర్ డెలిగేట్లకు ఓటు లేకుండా చేశారు. అది లోపలుండి కొట్లాడినవాళ్లు సాధించిందే.

బయటికి పోతే ఏమవుతుందో 2000 అధ్యక్ష ఎన్నికల్లో చూశాం. ఫ్లోరిడాలో మూడో పార్టీ అభ్యర్థి నేడర్‌కి 97 వేల ఓట్లు, అక్కడ డెమొక్రాట్ గోర్ మీద బుష్ గెలిచింది 537తో. మా అత్తగారు మెడికేర్‌లో, అదే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలో, ఉన్నారు. 2023 నుంచి ఆవిడ ఇన్సులిన్‌కి నెలకు 35 డాలర్లు మించడం లేదు. ఆ హద్దు పెట్టిన బిల్లు 2022లో సెనేట్‌లో 51-50తో గట్టెక్కింది, రిపబ్లికన్లలో ఒక్కరు కూడా ఓటేయలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ నాకు ఆ ఒక్క ఓటు గుర్తొస్తుంది.

సియాటెల్ అక్క:
తమ్ముడూ, అదే బిల్లులో ప్రైవేట్ ఈక్విటీ వాళ్ల, అంటే కంపెనీలు కొని అమ్మే పెట్టుబడిదారుల, పన్ను రాయితీకి కోత పెట్టే భాగం ఉండేది. సెనేటర్ కిర్‌స్టెన్ సినెమా పట్టుబట్టి తీయించేసింది. ఆవిడా అప్పుడు డెమొక్రటే.

మా ఊరి సంగతి చెబుతా. 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధిస్తూ సియాటెల్ కౌన్సిల్ చట్టం చేసింది, అమెరికాలో మొదటి నగరం ఇదే. ఆ రోజు నేను బయట చలిలో లైన్లో నిలబడ్డాను. వద్దని వాదించడానికి వచ్చినవాళ్లలోనూ మన దేశంవాళ్లున్నారు. కడుపు తరుక్కుపోయింది. ఆ చట్టం తెచ్చిన క్షమా సావంత్ రెండు పార్టీల్లో దేనిలోనూ లేదు. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే డెమొక్రాట్ల శాసనసభ పాస్ చేసి పంపితే, డెమొక్రాట్ గవర్నర్ న్యూసమ్ ఉన్న చట్టాలు చాలంటూ అక్టోబరులో వీటో చేశాడు. ఇక లోపలుండి ఎవరిని అడగాలి?

ఓరుగల్లు పోరడు:
పెద్దలు తప్పుగా అనుకోవద్దు, నాకో డౌటు. మన దగ్గర ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో గద్దెనెక్కిండు. అంత పెద్ద దేశంల ఇంకో పార్టీ ఎందుకు నిలబడతలేదు?

ప్లేనో వాసి:
మంచి ప్రశ్న బాబూ. ఇక్కడ అమెరికాలో కొత్త పార్టీ పేరు బ్యాలట్ మీదకి ఎక్కాలంటే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు, వేలకొద్దీ సంతకాలు. అయితే మన దగ్గర లేనిది ఒకటి ఇక్కడుంది. మనకు బి-ఫారం పార్టీ అధ్యక్షుడి చేతిలో ఉంటుంది. అమెరికాలో టికెట్ ఇచ్చేది ప్రైమరీలో ఓటరు. ఇష్టం లేకపోయినా హైకమాండ్ ఆపలేదు. 2018లో ఒకేషియో కోర్టెజ్ అలాగే హౌస్‌లో పార్టీ నాయకత్వంలో ఉన్న క్రౌలీని ఇంటికి పంపింది. కొత్త పార్టీ పెట్టేబదులు ఉన్న పార్టీ ప్రైమరీలోనే నిలబడొచ్చు.

సియాటెల్ అక్క:
హైకమాండ్ ఆపలేనిదాన్ని డబ్బు ఆపుతుంది. 2010లో సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో ఎన్నికల్లో కంపెనీల ఖర్చుకి హద్దు తీసేశాక గేట్లెత్తేశారు. 2024లో న్యూయార్క్‌లో హౌస్ సభ్యుడు బోమన్‌ని ఓడించడానికి ఇజ్రాయెల్ అనుకూల సూపర్ ప్యాక్ (అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా ఎంతైనా ఖర్చుపెట్టగల సంస్థ) ఒక్కటే దాదాపు కోటిన్నర డాలర్లు పోసింది. అది ప్రైమరీయే, ఓటర్లు డెమొక్రాట్లే.

అయితే 2025లో అదే న్యూయార్క్‌లో మేయర్ ఎన్నికల్లో మమ్దానీ గెలిచాడు. ప్రత్యర్థి కూమో వైపు సూపర్ ప్యాక్‌కి కుబేరుడు బ్లూమ్‌బర్గ్ ఒక్కడే 80 లక్షల డాలర్లకు పైగా ఇచ్చాడు. ఇటువైపు ఊరివాళ్లు ఇచ్చే చిన్న విరాళానికి నగరం ఎనిమిదింతలు జతచేస్తుంది. మా సియాటెల్లో ఇంకో పద్ధతి: పాతిక డాలర్ల వోచర్లు నాలుగు ఇస్తారు, నచ్చిన అభ్యర్థికి ఇచ్చుకోవచ్చు. గ్రీన్‌కార్డు వాళ్లూ అడిగి తెచ్చుకోవచ్చు. నాకు ఓటు హక్కు రాకముందే, 2019లో, నా నాలుగు కాగితాల మీద సంతకం పెట్టి మా గుమ్మం తట్టిన అమ్మాయి చేతిలో పెట్టాను. అమెజాన్ ఆ ఏడాది మా కౌన్సిల్ ఎన్నికల్లో 15 లక్షలు పెట్టింది. వాళ్లు బలపరిచినవాళ్లలో ఎక్కువమంది ఓడిపోయారు. నేను కోపంలో మాట్లాడాను గానీ, ఇప్పుడు ఆలోచిస్తే లోపలా బయటా అన్నది అసలు ప్రశ్నే కాదేమో. టికెట్ దారిలో కాపలా ఎవరిదో చూడాలి.

ఎడిసన్ పాతకాపు:
బి-ఫారం మాట వినగానే గుర్తొచ్చింది. మా న్యూజెర్సీలో అలాంటిదే ఉండేది, కౌంటీ లైన్ అనేవాళ్లు (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). కౌంటీ పార్టీ మెచ్చిన అభ్యర్థుల పేర్లన్నీ బ్యాలట్ మీద ఒకే వరుసలో పై నుంచి కింద దాకా. మిగతావాళ్లు ఎక్కడో మూల, ఖాళీ గడుల అవతల. 2016లో నేను శాండర్స్ పేరు వెతుక్కుని మరీ ఓటేశా.

2024లో హౌస్ సభ్యుడు ఆండీ కిమ్ సెనేట్‌కి నిలబడితే కొన్ని పెద్ద కౌంటీల్లో లైన్ అప్పటి గవర్నర్ భార్యకి ఇచ్చారు. ఆయన కోర్టుకెళ్లాడు. ఆవిడ మధ్యలోనే తప్పుకుంది. అయినా మార్చి 29న ఫెడరల్ జడ్జి ఆ ఏడాది డెమొక్రటిక్ ప్రైమరీకి లైన్ చెల్లదన్నాడు. జూన్‌లో బ్యాలట్ చేతికొస్తే, ఒక పదవికి పోటీ చేసేవాళ్లందరి పేర్లూ ఒకే పెట్టెలో ఉన్నాయి. దాన్ని చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. కిమ్ ఇప్పుడు సెనేటర్.

ఎనిమిది మంది మీద నా కోపం చల్లారలేదు, చల్లారదు కూడా. ప్లేనో తమ్ముడు చెప్పినట్టు ఊరికే సర్దుకుపోనూ లేను. కానీ ఆ లైన్ ఎవరికివ్వాలో ఇన్నేళ్లూ నడిపించింది కౌంటీ కమిటీలు. వాటిలో ప్రతి పోలింగ్ ప్రాంతానికీ సీట్లుంటాయి, ప్రైమరీలోనే ఎన్నిక. మా వీధివాళ్లలో ఆ సీటు ఉందని తెలిసినవాళ్లే తక్కువ. ఈసారి నేను నిలబడతాను. మా ప్రాంతంలో ఓటున్న డెమొక్రాట్లు ఎవరైనా ఇది చదువుతుంటే కింద రాయండి, సంతకాల కాగితం పట్టుకుని ఆదివారం ఇంటికొస్తా.