47 ఏళ్లకు ఆర్కెస్ట్రాలో చేరమంటున్నారు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ఉక్కునగరం_గిటార్:
అందరికీ నమస్కారం. నాకు 47. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. మా అబ్బాయి ఇంజనీరింగ్‌కి వెళ్తూ ఇంట్లో వదిలేసిన గిటార్ ఏడాదిన్నర కిందట చేతిలోకి తీసుకున్నాను. అంతకుముందు నాకు సంగీతం అంటే వినడమే. కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి, జి, సి, డి, ఎ మైనర్, ఇ మైనర్ వచ్చు. ఎఫ్ ఇంకా కుదరలేదు, చూపుడువేలి కింద రెండు తీగలు మోగవు.

మా కాలనీలో ఎనిమిది మంది కలిసి ఆర్కెస్ట్రా నడుపుతున్నారు, వినాయక చవితికి పందిట్లో పాడతారు. వాళ్ల గిటార్ ఆయనకి బదిలీ అయింది. మొన్న నన్ను పిలిచి "అన్నా, మీరు రండి" అన్నారు. వెళ్లాలని చాలా ఉంది. నా వల్ల వాళ్ల పాట పాడైపోతుందేమోనన్న భయమూ అంతే ఉంది. ఈ వయసులో కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా ఉంటే, మొదట్లో ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి.

అక్కయ్యపాలెం_డాబా:
వెళ్లండి గురువు గారూ, ఆలోచించకండి. నేను 44లో కీబోర్డ్ మొదలుపెట్టి ఏడాది తిరక్కుండానే చేరాను. ఇప్పటికి ఆరేళ్లు. మా డాబా మీద గదిలోనే రిహార్సల్. రాత్రి పది తర్వాత మైకు పెట్టకూడదని రూల్ ఉంది కదా, మేం తొమ్మిదిన్నరకే కట్టేస్తాం. పక్కింటివాళ్లతో ఇన్నేళ్లలో ఒక్క మాటా రాలేదు.

మొదటి రిహార్సల్ చెప్తాను. పల్లవి బాగానే వాయించాను. చరణంలో రెండో లైనుకి కార్డ్ మర్చిపోయి చేతులు తీసేసి కాగితంలో వెతుక్కుంటున్నాను. పాడుతున్న చెల్లెమ్మ ఆగిపోయింది, ప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్) ఆగింది, అందరూ ఆగారు. ఆవిడ కోప్పడలేదు. "తప్పు వాయించినా పర్లేదు అన్నయ్యా, ఆగకండి. మీరు ఆగితే నా కాళ్ల కింద నేల లేనట్టు ఉంటుంది" అంది. ఆ మాటతోనే నేను మారాను. ఆ తర్వాత మూడు నెలలు కుడిచేత్తో బిట్లు వాయించే ప్రయత్నమే చేయలేదు. కార్డ్ పట్టుకుని ఉండటం, సమం దగ్గర, అంటే తాళం మొదటి దెబ్బ దగ్గర మార్చడం, అంతే. దారి తప్పితే చెయ్యి తేలిక చేసి, తాళం వింటూ, మళ్లీ సమం వచ్చినప్పుడు కలిసేవాణ్ణి. వినేవాళ్లకి తెలియదు. ఇంట్లో ఒక్కరమే ప్రాక్టీస్ చేసినప్పుడు తప్పు రాగానే ఆగి సరిచేసుకుంటాం చూడండి, ఆ అలవాటే రిహార్సల్‌లో ముంచుతుంది. రోజూ ఒక్క పాటైనా, ఎన్ని తప్పులొచ్చినా, మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించండి.

ఇంకో మాట. సింగర్లు "నాది ఐదున్నర శ్రుతి" అంటారు. కంగారు పడకండి. ఒకటి అంటే సి, రెండు డి, ఐదు జి, ఆరు ఎ. ఐదున్నర అంటే జి షార్ప్. కాపో (తీగలన్నిటినీ కలిపి నొక్కి పట్టే క్లిప్పు) ఒకటో ఫ్రెట్‌లో, అంటే గిటార్ మెడ మీద మొదటి గడిలో పెట్టి మీకొచ్చిన జి షేప్‌లే వాయించండి, సరిపోతుంది. ఆరు శ్రుతి అంటే రెండో ఫ్రెట్‌లో పెట్టండి. ఆ ఎఫ్ కోసం పాట ఆపుకోనక్కర్లేదు, అది నిదానంగా వస్తుంది.

గాజువాక_సాయంత్రం:
నా అనుభవం వేరు, అది కూడా వినండి. 49లో బేస్ గిటార్‌తో ఒక గ్రూపులో చేరాను. నేర్చుకుంటున్నానని ముందే చెప్పాను, సరే అన్నారు. నాలుగు నెలలు రిహార్సల్ గది అద్దెలో వాటా ఇచ్చాను. పెళ్లి రిసెప్షన్ ప్రోగ్రాం ఒకటి వచ్చింది. రెండు రోజుల ముందు వేరే మనిషిని పెట్టుకున్నారని వాట్సాప్ గ్రూపులో పాటల లిస్టు చూస్తే నాకు తెలిసింది. నాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. చాలా బాధపడ్డాను. తీసేసినందుకు కాదు, చెప్పనందుకు.

అందుకే నేనైతే ముందు ఏడాది గురువు దగ్గర గట్టిగా నేర్చుకుని వెళ్లమంటాను. వెళ్లేటట్టయితే మొదటి రోజే అడగండి: ప్రోగ్రాంలకి డబ్బు తీసుకుంటారా, సరదాగా పాడుకుంటారా అని. డబ్బు తీసుకునే చోట కొత్తవాడికి ఓపిక పట్టడం వాళ్లకి కష్టం, అందులో వాళ్ల తప్పు లేదు. మనం చేరకూడని చోట చేరడం అవుతుంది.

అక్కయ్యపాలెం_డాబా:
సాయంత్రం గారూ, మీకు జరిగింది అన్యాయమే. డబ్బు సంగతి ముందే అడగాలన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఏడాది ఆగమనడం మాత్రం నేను ఒప్పుకోను. నలుగురితో కలిసి వాయించడం ఒక్కరం గదిలో కూర్చుంటే రాదు. ఆ ఏడాది అయ్యాక కూడా మొదటి రిహార్సల్ మొదటి రిహార్సలే.

రవ్వముద్ద:
నేను మృదంగం, ఇప్పుడు ఆర్కెస్ట్రాలో ప్యాడ్ కూడా. కొత్తగా వచ్చే గిటార్ వాళ్లలో నేను ఎక్కువ చూసే ఇబ్బంది కార్డ్‌లు కాదండి, నడక. మన పాటల్లో చాలా వరకు తిస్రం. మూడు మూడుగా నడిచే పాటకి నాలుగు దెబ్బల స్ట్రోక్ వేస్తే ఎంత మంచి కార్డ్ అయినా పాట కుంటుతుంది. గిటార్ పక్కన పెట్టేసి, పాట వింటూ తొడ మీద తాళం వెయ్యండి. తకిట తకిట అనా, తకధిమి అనా, అది తేల్చుకున్నాకే తీగ ముట్టుకోండి. మెట్రోనోమ్ (టిక్ టిక్ అని లయ కొట్టేది) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి మొదలెట్టండి.

రిహార్సల్‌లో నా పక్కన కూర్చోండి అని కొత్తవాళ్లకి చెప్తాను. అయితే చెవి జాగ్రత్త. 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు ఓర్చుకోవచ్చంటారు, ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కి టైము సగం అయిపోతుంది. అంటే వందకి పావుగంటే. చిన్న గదిలో స్పీకర్ మొహం మీద పెడితే వంద దాటేస్తుంది. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోడానికి మొహమాటపడకండి.

మన ఊరి ఉప్పుగాలికి తీగలు ఊరికే తుప్పు పడతాయి. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తీగ కింద కూడా తుడవండి. నా మృదంగానికైతే ముసురు పట్టిందంటే వలంతల (కుడివైపు తోలు) బిగువుగా ఉండదు, ఎడమవైపు అంటించే రవ్వముద్ద తడి ఎంతుండాలో రోజూ చూసుకోవాల్సిందే. ఈ ఊళ్లో వాయిద్యం పెట్టుకున్నవాళ్లకి సముద్రం కూడా ఒక మెంబరే అనుకోండి.

నాన్నగారి_వయొలిన్:
నాకు 52. మా నాన్నగారు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నారు. 1919లో పెట్టిన కళాశాల అది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారూ అక్కడి విద్యార్థే. అలాంటి చోట నేర్చుకున్న మనిషి వయొలిన్ ఆయన పోయాక పదకొండేళ్లు బీరువా మీదే ఉంది. నేను ముట్టుకోవాలంటే భయపడ్డాను. తీసి చూసేసరికి తీగలు నల్లబడ్డాయి, కమాను వెంట్రుకలు సగం రాలిపోయాయి. బాగు చేయించి 48లో సరళీ స్వరాలు మొదలుపెట్టాను.

మా ఎంవీపీ కాలనీలో ఆడవాళ్లం ఆరుగురం కలిసి పాడుకుంటాం. రెండేళ్లుగా నేను వాళ్లతో వాయిస్తున్నాను. నాకు ఎదురైన చిక్కు ఎవరూ ముందు చెప్పలేదు. మనం కర్ణాటక పద్ధతిలో తీగలు స, ప, స, ప అని శ్రుతికి కలుపుకుంటాం. కచేరీ అంతా ఒకటే శ్రుతి. ఆర్కెస్ట్రాలో పాట మారితే శ్రుతి మారిపోతుంది. పాట పాటకీ నాలుగు తీగలూ మార్చుకోవడం నా వల్ల కాలేదు. అందుకని మేం ఒక దారి చూసుకున్నాం. నేను వాయించే రెండు పాటలూ ఒకే శ్రుతివి ఎంచుకుని, లిస్టులో పక్క పక్కన పెడతాం. మిగతా పాటలకి పక్కన కూర్చుని తాళం వేస్తాను. రెండే పాటలు. ఆ రెండూ నావి.

నిలబడి వాయించడం నాకు రాదు. స్టేజీ మీద చిన్న బల్ల వేసి దుప్పటి పరుస్తారు, కుడి కాలి చీలమండ మీద వయొలిన్ తల ఆనించుకుని కూర్చుంటాను. ఎడమ భుజం పట్టేసినప్పుడు మాత్రం పట్టుదలకి పోయి వాయించాను, పొరపాటు చేశాను. నాకు షుగర్ ఉంది, అది ఉన్నవాళ్లకి ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువ వస్తుందట. ఫిజియోథెరపీకి ముందే వెళ్లి ఉంటే ఆరు నెలలు పోయేవి కావు. నొప్పి వస్తే ఆపేయండి.

తమ్ముడూ, నువ్వు వాళ్ల పాట పాడు చేస్తానేమో అంటున్నావు. నీకు అయిదు కార్డ్‌లు వచ్చని వాళ్లకి తెలిసే పిలిచారు కదా. ఆ అయిదింటితో నడిచే పాటలు మూడు అడుగు.

ఉక్కునగరం_గిటార్:
ఆదివారం వెళ్లొచ్చాను. ఈ వారం ఎ షిఫ్ట్, మధ్యాహ్నం రెండుకి దిగాను కాబట్టి సాయంత్రం కుదిరింది.

వయొలిన్ అక్కయ్య గారూ, మీరు చెప్పినట్టే మూడు పాటలు అడిగాను. డబ్బు సంగతి కూడా అడిగాను, పందిట్లో ప్రసాదం తప్ప ఏమీ తీసుకోరట. పాడే ఆయన రెండు శ్రుతి అన్నారు. డి అని వెంటనే తెలిసింది, ఆ క్షణం ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ప్యాడ్ ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాను. కార్డ్‌ల కాగితం ట్యూబ్‌లైట్ కింద కనపడలేదు, చత్వారం అద్దాలు ఇంట్లో మర్చిపోయాను. ఒకమ్మాయి నా ఫోన్‌లోకి ఫొటో తీసి అక్షరాలు పెద్దవి చేసి ఎదురుగా నిలబెట్టింది.

రెండో పాట చరణంలో తప్పిపోయాను. చెయ్యి తీగల మీద నుంచి తియ్యలేదు. కుడి అరచేయి ఆనించి ఉత్త టక్ టక్ అని కొడుతూ ఉన్నాను. పల్లవి తిరిగొచ్చేటప్పుడు ప్యాడ్ ఆయన నా వైపు తిరిగి కనుబొమలు ఎత్తారు, సమం దగ్గర జి పడింది. తొమ్మిది మందిమి ఒకేసారి పడ్డాం.

వచ్చే ఆదివారం సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ. సాయంత్రం రిహార్సల్ చూసుకుని అటునుంచి అటే డ్యూటీకి వెళ్తాను.