ప్రయాణికులతో మాట్లాడే పని ఎవరికివ్వాలి: డిపోలో పెరిగినవాళ్లకా, మీడియా చదివినవాళ్లకా?

ఆమదాలవలస కుర్రోడు:
ఆర్టీసీలో 30 ఏళ్లు ట్రాఫిక్, అంటే బస్సుల రాకపోకలు చూసి, ఆఖర్లో పౌర సంబంధాల కుర్చీలోకి వచ్చేవాళ్లు ఉంటారు. నాకిది నచ్చదు. బస్సు నడిపించడం ఒక పని, జనానికి చెప్పడం ఇంకో పని. శ్రీకాకుళం టౌన్లో రైల్వే స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది మా ఆమదాలవలసలో. రాత్రి రైలు లేటయిందనుకోండి, టౌనుకి ఆఖరి బస్సు ఆగుతుందా, వెళ్లిపోయిందా అన్నదే దిగేవాళ్లందరి ప్రశ్న. పని తెలిసిన కుర్రాళ్లుంటే ఆ కబురు క్షణంలో ఫోన్లోకి రాదూ?

రిటైర్డ్ కంట్రోలర్, విజయనగరం:
బాబూ, ఫోన్లోకి రావాలంటే ముందు బస్సు ఆపాలో వద్దో ఎవరో ఒకరు తేల్చాలి కదా. ఆపితే ఆ బస్సు నైట్ హాల్ట్ ఊరికి లేటుగా చేరుతుంది. తెల్లారి తొలి ట్రిప్పు మళ్లీ అదే బస్సు, అదే డ్రైవరు. నిద్ర లేకుండా స్టీరింగ్ పట్టమంటామా? వదిలేస్తే స్టేషన్ బయట ఆటోవాడు ఎంతంటే అంత. ఈ తిప్పలు తెలియనివాడు రాయగలిగేది ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ ఒక్కటే.

మా విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర రోజే తీసుకోండి. దసరా వెళ్లిన మంగళవారం అమ్మవారి గుడి నుంచి కోట దాకా రోడ్డంతా జనమే. ఆ రోజు ‘మార్గాలు మళ్లించడమైనది’ అని పత్రికలకి ప్రకటన పంపితే ఎవరికి లాభం? సాలూరు బస్సు ఎక్కడ ఎక్కాలి, తిరుగు ఆఖరి బస్సు ఎన్నింటికి? ఈ రెండు ముక్కలు ఆర్టీసీ కాంప్లెక్స్ మైకులో గంట గంటకీ వినపడాలి.

పాతపట్నం టీచర్:
సగమే ఒప్పుకుంటాను మాస్టారూ. లోపల పెరిగినవాళ్లకి లోపలి భాషే అలవాటవుతుంది. ‘ట్రిప్పు కుదించడమైనది’ అంటే బస్సు సగం దారిలో వెనక్కి తిరిగిపోతుందని మాకెలా తెలుస్తుంది?

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణం, అదే స్త్రీ శక్తి పథకం, మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ అని అయిదు పేర్లు చెప్పారు. బస్సు రంగు చూసి ఎక్కే ముసలమ్మకి ఆ జాబితా దేనికి? ‘విశాఖ నాన్‌స్టాప్‌కి టికెట్టు తీసుకోవాలి, పర్లాకిమిడి బస్సుకీ తీసుకోవాలి’ అంటే చాలు. అంతర్రాష్ట్ర సర్వీసులకి పథకం వర్తించదన్నది నిజమే. కానీ మాకు పర్లాకిమిడి పొరుగూరే. బజారు పనికి వెళ్లేవాళ్లు ఒడిశా వెళ్తున్నామని అనుకుంటారా? ఇది బయటినుంచి చూసేవాళ్లకే తడుతుంది.

పల్లెవెలుగు అభిమాని:
ఏటో గానీ, ముగ్గురూ కండక్టర్ని మర్సిపోనారు. డోరు కాడ నిలబడి తిట్లు తినీది ఆయనే కదేటి!

రిటైర్డ్ కంట్రోలర్, విజయనగరం:
కండక్టర్ మాట నిజం. ముందు ఆయనకి చెప్పకుండా పేపర్లో వేయడమంత తప్పు ఇంకోటి లేదు.

టీచరమ్మా, రాసే పని మీలాంటివాళ్లు చేస్తేనే బాగుంటుంది, కాదనను. కానీ వాళ్లని విజయవాడ హెడ్డాఫీసులో కూర్చోబెట్టొద్దు. ఎవరు సెలవు పెట్టారు, ఏ బండి గ్యారేజీలో ఉండిపోయింది, ఇవి ముందు తెలిసేది తెల్లవారుజామున డిపోలో, డ్యూటీ చార్టు దగ్గర. 2020 జనవరి 1న ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశారు, జీతం ఇచ్చే చెయ్యి మారింది. చార్టు మాత్రం ఇప్పటికీ డిపోలోనే వేస్తారు. మీడియా చదివిన పిల్లల్నే తీసుకోండి. ఆర్నెల్లు ఎంక్వైరీ కౌంటర్లో కూర్చున్నాకే ఆ కుర్చీ ఇవ్వండి.

ఆమదాలవలస కుర్రోడు:
ఆర్నెల్లా? ఎవడొస్తాడు మాస్టారూ! మూడు నెలలు చాలు, కాకపోతే అందులో రథసప్తమి పడేటట్టు చూడండి. అరసవల్లి బస్సు ఎక్కడ దొరుకుతుందో ఆ రోజు మైకులో వాళ్లే చెప్పాలి, పక్కన మీరుండకూడదు. దీనికి ఒప్పుకుంటారా?