దువాంగ్ లాం ఊళ్లో వాళ్లని మేడ కట్టుకోనివ్వాలా వద్దా?

పాతిల్లు_ప్రాణం:
గత నెల వియత్నాం టూర్‌లో ఒక రోజు దువాంగ్ లాం వెళ్లొచ్చాం, హనోయ్‌కి పడమరగా ఓ 50 కిలోమీటర్లు. ఊళ్లో మోంగ్ ఫు అనే పేట ద్వారం పక్కన పెద్ద చెట్టు, చెరువు, లోపలికెళ్తే సందుల నిండా ఎర్రటి లేటరైట్ గోడలు. ఆ రాయి భూమిలో మెత్తగా ఉంటుంది, కోసి బయట పెడితే గాలికి గట్టిపడిపోద్ది. పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, వాకిట్లో సోయా సాస్ జాడీలు, ఎంత బాగుందో. 938లో బాక్ డాంగ్ నది దగ్గర చైనా సేనని ఓడించిన ఙో క్వియెన్ సొంతూరు ఇదే అంటారు. మధ్యలో కాంక్రీట్ మేడలు కనబడేసరికి ప్రాణం ఉసూరుమంది. ఒక్కదానికి ఒప్పుకున్నా ఊరంతా పోయినట్టే అని నా అభిప్రాయం, మీరేమంటారు?

ముగ్గురన్నదమ్ములు:
ఒప్పుకోను అన్నా. 2005లో జాతీయ వారసత్వ గ్రామం అన్నారు, 2013 వచ్చేసరికి 78 మంది ఊరివాళ్లే సంతకాలు పెట్టి ఈ హోదా మాకొద్దు వెనక్కి తీసుకోండి అని రాసిచ్చారు. ఎందుకంటే కొడుకులకి పెళ్లిళ్లయి పిల్లలు పుట్టి ఇల్లు చాలక పైన గది వేసుకుంటే అధికారులు కూల్చేయమంటున్నారు, ఊరు చూడ్డానికొచ్చేవాళ్ల టికెట్ డబ్బులేమో మామూలు ఇళ్లదాకా రావట్లేదని అప్పట్లో వాళ్ల బాధ. మనం రెండు గంటలు ఫోటోలు తీసుకుని వచ్చేస్తాం, వాళ్లు అక్కడే బతకాలి కదా.

సున్నపుగోడ:
ఇద్దరూ ఒక మాట వదిలేశారండీ. ఊరంతా ఒక్కలా పాతది కాదు. మోంగ్ ఫులో ఉన్న పాత ఇళ్లని గట్టిగా కాపాడాలి, రిపేరు ఖర్చు సర్కారే పెట్టాలి, ఎందుకంటే లేటరైట్ పని తెలిసిన మేస్త్రీ కూలీ సిమెంటు కన్నా ఎక్కువే అవుద్ది. మిగతా ఇళ్లకి ఎత్తు లిమిట్ పెట్టి పెంకుల కప్పుతో కట్టుకోనివ్వొచ్చు. కుటుంబాలు పెరిగినవాళ్లకి ఊరి బయట స్థలాలు ముందు చేతికివ్వాలి, ఆ తర్వాతే కూల్చే మాట ఎత్తాలి.

పాతిల్లు_ప్రాణం:
ఆ సంతకాల సంగతి నాకు తెలీదు అన్నా. ఒక్క మేడ కూడా వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, స్థలాలు ముందు అన్నది కరెక్టే. కానీ ఆ ద్వారం పక్క సందులో మాత్రం కాంక్రీట్ వద్దనే అంటా. మాకు టీ ఇచ్చిన పెద్దావిడ ఇంట్లో వెనక గదిలో చాపలు, పరుపులు గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి, రాత్రి ఎంతమంది పడుకుంటారని అడగాలని అప్పుడు తోచనేలేదు.