గుండు చూసి "తిరుపతి వెళ్లొచ్చావా?" అంటే అవుననడం తప్పా?

ఉప్పల్ అమ్మాయి:
నాకు 29 ఏళ్లు. పేనుకొరుకుడు. మొదట చెవి వెనక రూపాయి బిళ్లంత ఊడింది. ఎనిమిది నెలల్లో అలాంటివన్నీ కలిసిపోయి సగం తల ఖాళీ అయింది. పొద్దున లేవగానే దిండు తడుముకోవడం, దువ్వెన పట్టుకుంటే గుండె దడ. తట్టుకోలేక ఫిబ్రవరిలో అమ్మ చేతికి ట్రిమ్మర్ ఇచ్చాను. అమ్మ ఏడుస్తూనే మొత్తం తీసేసింది. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టింది.

సోమవారం ఆఫీసులో ఎదురైన మొదటావిడే "తిరుపతి వెళ్లొచ్చావా? లడ్డూ ఏది?" అంది. నోట్లోంచి "అవునండీ" అని వచ్చేసింది. అప్పటిదాకా జాలిగా చూసినవాళ్లే గౌరవంగా చూశారు. మర్నాడు మిఠాయి కొట్లో లడ్డూలు కొని ప్రసాదమని పంచాను. పచ్చకర్పూరం వాసన లేదేమని ఎవరైనా అడుగుతారేమోనని సాయంత్రం దాకా టెన్షనే.

ఇప్పుడు మూడో నెల. మొక్కు గుండయితే ఈపాటికి అంగుళం పైనే పెరగాలి. నాకు అక్కడక్కడా నూగు. అడగడం మొదలుపెట్టారు. దేవుడి పేరు మీద అబద్ధమాడానని ఒక బాధ, నిజం చెబితే మళ్లీ ఆ జాలి చూపులని ఇంకో బాధ. నేను చేసింది తప్పా?

గోదావరి గట్టు:
తప్పేనమ్మా. దేవుడు ఏమీ అనుకోడులే, నా దిగులు నీ గురించే. కల్యాణకట్టలో నేను రెండుసార్లు తలనీలాలిచ్చాను. ఇష్టపడి ఇచ్చాను కాబట్టి తేలిగ్గా లేచి వచ్చాను. నీ జుట్టు నిన్ను అడక్కుండా పోయింది. దాన్ని మొక్కు అనేస్తే నువ్వు ఏడవడానికి చోటేది? ఓదార్చాలన్నా ఎవరికీ తెలియదు కదా తల్లీ.

ఒంగోలు కోడలు:
పెద్దమ్మగారూ, నేను ఒప్పుకోను. నిజం చెప్పినదాన్ని నేను. చెప్పగానే వైద్యాలు మొదలయ్యాయి. ఒకరు ఉల్లిరసం, ఒకరు మందారాకు. మా పెద్దత్త గురివింద గింజ నూరి రుద్దింది. తల పొక్కిపోయి వారం రోజులు దిండు మీద ఆన్చలేకపోయాను. అది విషపు గింజని డాక్టర్ కేకలేశాకే తెలిసింది. అంటుకుంటుందని నా దువ్వెన కూడా వేరు పెట్టారు. పేను కొరికిందనే పేరు వింటేనే మురికి అనుకుంటారు. పేనుకీ దీనికీ సంబంధం లేదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ల మీద దాడి చేస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. కుదురు చావదు కాబట్టి మళ్లీ మొలిచే అవకాశం ఉంటుంది.

ఇదంతా లిఫ్టులో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకోవాలా? "తిరుపతి" అన్న ఒక్క మాట నీకు ఊపిరి పీల్చుకునే టైమిచ్చింది చెల్లీ. సిగ్గుపడకు.

డల్లాస్ తమ్ముడు:
ఇక్కడ అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యురాలు అయాన్నా ప్రెస్లీకి ఇదే జబ్బు. 2020 జనవరిలో వీడియోలో విగ్గు తీసి తానే చెప్పారు. దాచుకునే బరువు దించుకోవడమే మంచిదని నాకనిపిస్తుంది.

ఒంగోలు కోడలు:
ఆవిడకున్న హోదా మాకు లేదు తమ్ముడూ. వీడియో పెట్టి ఊరుకుంటే సరిపోతుందా, మర్నాడు పెళ్లిపేరంటాలకు వెళ్లాలి. ఒక్కచోట మాత్రం నేనూ నిజమే చెప్పమంటాను. పెళ్లి సంబంధం. అక్కడ "మొక్కు" అన్నావంటే మొదటి రోజు నుంచే భయపడుతూ బతకాలి.

గోదావరి గట్టు:
నీ దువ్వెన వేరు పెట్టారంటే కడుపు తరుక్కుపోయిందమ్మా. సరే, అందరికీ వద్దు. ఒక్కరికి చెప్పుకోమను ఆ పిల్లని.

ఉప్పల్ అమ్మాయి:
గురివింద సంగతి చెప్పినందుకు థాంక్స్ అక్కా. అమ్మమ్మ ఊరి నుంచి పంపిన పొట్లం వంటింట్లోనే ఉంది. ఇవాళే పారేయిస్తాను.

పెద్దమ్మగారి మాట రాత్రంతా మనసులో తిరిగింది. ఇవాళ లంచ్‌లో పక్క సీటావిడకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి ఆ లడ్డూ?" అంది. మిఠాయి కొట్టుదని చెప్పాను. "మా అత్తగారు కళ్లకద్దుకుని తిన్నారు" అంది. తల దించుకున్నాను. నా డబ్బా మూత తీసి, తన పప్పు కొంచెం వేసి తినమంది. మిగతావాళ్లకు చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. గురువారం మళ్లీ తలకు ఇంజెక్షన్లున్నాయి, తోడొస్తానంది.