చలికాలానికి పడవలో ఫ్లోరిడా: నార్ఫోక్ నుంచి కిందికి ఎలా వెళ్లాలి?

ప్రశ్న (మేరీలాండ్ నుంచి)

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట అనాపొలిస్ దగ్గర ఒక పాత 34 అడుగుల సెయిల్‌బోట్ కొన్నాను. 27 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. పడవ అడుగు నీళ్లలోకి 4 అడుగుల 9 అంగుళాలు దిగుతుంది. నీటి మట్టం నుంచి మాస్ట్ (తెరచాప స్తంభం) ఎత్తు 48 అడుగులు. ఇంతవరకు చెసాపీక్ బే దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఈసారి చలికి కవరు కప్పి మూలన పెట్టకుండా, తీరం వెంబడి లోపలగా సాగే నీటిదారి ఇంట్రాకోస్టల్ వాటర్‌వే మీదుగా మయామి దాకా తీసుకెళ్దామని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం.

నవంబర్ 20న బయల్దేరాలని ప్లాన్. భీమవరం నుంచి అమ్మ వచ్చి ఉంది, తనూ వస్తానంటోంది. తనకి డిసెంబర్ 23న మయామి నుంచి హైదరాబాద్‌కి టికెట్ తీసేశాను. టైం సరిపోతుందా? నార్ఫోక్ దాటాక రెండు దారులున్నాయట, ఏది మంచిది? దారిలో లోతు చాలక ఇరుక్కుపోతామేమోనని టెన్షన్‌గా ఉంది. మయామి నుంచి బహామాస్ యాభై మైళ్లేనట, అక్కడికీ వెళ్లి రావచ్చా?

జవాబు (నార్త్ కరోలినా నుంచి)

ముందు ఆ టికెట్ మార్చండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

లెక్క చూడండి. ఈ దారి మొదలయ్యే వర్జీనియాలోని నార్ఫోక్‌ని సున్నా మైలు అంటారు. మయామి దాదాపు 1,090వ మైలు. ఇవి రోడ్డు మైళ్లే, సముద్రపు మైళ్లు కావు. మీ ఇంజిన్ మీద ఐదున్నర నాట్లు (గంటకి సముద్రపు మైళ్లు) వస్తాయనుకుంటే గంటకి ఆరు రోడ్డు మైళ్ల చిల్లర. డిసెంబర్‌లో ఐదింటికల్లా చీకటి పడుతుంది. వెలుగుండగానే లంగరు వేసుకోవాలి కాబట్టి రోజుకి ఎనిమిది గంటలు, యాభై మైళ్లు. అంటే ఒక్క రోజు కూడా ఆగకుండా వెళ్తే 22 రోజులు. అనాపొలిస్ నుంచి నార్ఫోక్‌కి ఇంకో మూడు నాలుగు రోజులు. ఇక గాలికో, వానకో, రిపేరుకో మూడు రోజులకొక రోజు పోతుంది. 23వ తేదీకి మీరు ఫ్లోరిడా పైభాగంలోని సెయింట్ అగస్టీన్‌లో ఉంటే మంచి వేగంతో వచ్చినట్టే.

రాత్రిళ్లు నడిపి కలుపుకుందాం అనుకోకండి. దారి చూపే గుర్తుల్లో చాలావాటికి లైట్లు ఉండవు. పీతల బుట్టలకి కట్టిన తేలుడు బంతుల తాళ్లు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటాయి. టికెట్ ఉందన్న ఒక్క కారణంతో నార్త్ కరోలినాలోని ఆల్బమార్ల్ సౌండ్‌ని (తీరంలో సరస్సులా పరుచుకున్న పెద్ద నీళ్లు) దాటకూడని రోజున దాటినవాళ్లని నేను చూశాను.

హరికేన్ సీజన్ నవంబర్ 30 దాకా ఉంటుంది. ఫలానా తేదీ కంటే ముందు ఫలానా అక్షాంశం దాటి దక్షిణానికి వెళ్తే కవరేజీ ఉండదని చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో రాసి ఉంటుంది. మీరు బయల్దేరేది ఆలస్యంగా కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా ఆ పేజీ ఒకసారి తీసి చదవండి.

దారుల సంగతి. ఒకటి గ్రేట్ బ్రిడ్జ్ లాకు మీదుగా వెళ్లే వర్జీనియా కట్. లోతుగా ఉంటుంది, బార్జీలు తిరుగుతాయి. లాకు అంటే తలుపులు మూసి, నీళ్లు పెంచో తగ్గించో పడవని ఎక్కించే, దించే గది; ఇక్కడ ఎక్కించేది, దించేది రెండు మూడడుగులే. ఇంకోటి డిస్మల్ స్వాంప్ కాలువ. 1805లో తెరిచారు. తవ్వింది బానిసలు. అదే చిత్తడి అడవిలో పారిపోయిన బానిసలు తరాల తరబడి దాక్కుని బతికారు. నీళ్లు చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, చెట్ల బెరడు, కుళ్లిన ఆకుల్లోంచి దిగే టానిన్ల వల్ల. లోతు ఆరడుగులు అనుకోండి, మీ పడవ పడుతుంది, కానీ మునిగిన దుంగలు అడుగున టక్కుమని తగులుతాయి. రెండు చివర్లా లాకులు రోజుకి నాలుగుసార్లే తీస్తారు, ఒకటి ఎనిమిది అడుగుల దాకా లేపుతుంది, ఇంకోటి దించుతుంది. మరమ్మతులకని మూసేస్తుంటారు కూడా, కాబట్టి ఈ దారిని చూసుకునే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నోటీసు చూసుకుని కదలండి. తెరిచి ఉంటే నా ఓటు దీనికే. కాలువ దాటాక ఎలిజబెత్ సిటీలో ఊరివాళ్లు రెండు రోజులు ఉచితంగా కట్టుకోనిస్తారు, సౌండ్‌లో గాలి తగ్గేదాకా అక్కడ ఆగొచ్చు.

భీమవరం మనిషికి లాకులంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అమ్మగారిని తప్పకుండా ఆ కాలువ దాకా తీసుకెళ్లండి.

జవాబు (వర్జీనియా నుంచి)

బహామాస్ గురించి ఒక్క మాట బ్రదర్. మీరు ఏ స్టేటస్ మీద ఉన్నారో రాయలేదు. హెచ్‌1బి అయి, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంటే బహామాస్ మాటే ఎత్తకండి. పడవలో వెళ్లినా అది దేశం దాటడమే. కెనడా, మెక్సికోలకి 30 రోజుల్లోపు వెళ్లొచ్చేవాళ్లకి ఉన్న వెసులుబాటు హెచ్‌1బి వాళ్లకి అక్కడ వర్తించదు.

ఇంకోటి. పడవలోంచే ఆఫీసు పని చేస్తారా? హెచ్‌1బి అయితే పని చేసే చోటు మారడం కూడా లెక్కలోకి వస్తుంది. మేనేజర్ సరే అన్నాడని సరిపోదు, కంపెనీ లాయర్‌ని ముందే అడగండి. ఫ్లోరిడాలో వరసగా 90 రోజులు దాటి పడవ ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, అదీ చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అండీ. ఇద్దరికీ గ్రీన్‌కార్డ్ ఉంది, అయినా ఈ ఏడాదికి బహామాస్ వదిలేశాం. టికెట్ మార్చడానికి ఫోన్ చేస్తున్నా. లోతు గురించి ఎవరైనా చెప్పండి. చార్టులో (పడవల మ్యాపు) 12 అడుగులు అని ఉంది కదా, మరి అందరూ ఎందుకు ఇరుక్కుంటున్నారు?

జవాబు (నార్త్ కరోలినా నుంచి, మళ్లీ)

12 అడుగులనేది కాగితం మీద ఉన్న లోతు. తవ్వించడానికి నిధులు వచ్చినప్పుడు వస్తాయి, ఇసుక మేట మాత్రం ఏటా వేస్తుంది. సముద్రం లోపలికి వచ్చే మొగల దగ్గర, ముఖ్యంగా నార్త్ కరోలినా కింది భాగంలో లాక్‌వుడ్స్ ఫాలీ దగ్గర, జార్జియాలో హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్ దగ్గర జాగ్రత్త. ఆర్మీ కోర్ తాజా సర్వేలు రంగుల్లో కనిపించే ఆక్వా మ్యాప్ లాంటి యాప్ ఒకటి పెట్టుకోండి. పాత చార్టు కంటే అదే నమ్మకం.

నా సంగతి చెప్తా. లిటిల్ మడ్ రివర్‌లోకి, పాటు (సముద్రపు నీరు వెనక్కి తీయడం) మొదలైన రెండు గంటలకి దిగాను. ముందు రోజు మూడు గంటలు పోగొట్టుకున్నానన్న తొందర. లోతు మీటరు 7 అంది, 6.2 అంది, 5.4 అంది. తర్వాత పరుపు మీద కూర్చున్నట్టు పడవ మెత్తగా ఆగింది. చప్పుడు కూడా లేదు. రివర్స్ వేస్తే వెనక బురద సుడులు తిరిగింది తప్ప అంగుళం కదల్లేదు. టోయింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే, "ఇప్పుడు వచ్చినా మా పడవ కూడా మీ దాకా రాదు, పోటు వచ్చేదాకా కూర్చోండి" అన్నారు. గంటన్నరలో పడవ పక్కకి ఒరిగిపోయింది. పొయ్యి మీది సాంబారు గిన్నె జారి మొత్తం పడక మీద. సాయంత్రానికి మేం తేలుతూ వచ్చిన చోట ఒక కొంగ తీరిగ్గా నడుస్తోంది. మళ్లీ తేలేసరికి ఏడు గంటలు పట్టింది.

జార్జియాలో ఆటుపోట్ల తేడా ఏడు నుంచి తొమ్మిది అడుగులు. అలాంటి చోట్లకి పోటు సగం ఎక్కాక, ఇంకా ఎక్కుతుండగా వెళ్లండి. ఒకవేళ కూర్చున్నా అరగంటలో నీరే లేపుతుంది. లంగరు తాడు లెక్క కూడా పోటు మట్టానికే వేయాలి: పాటులో పది అడుగుల లోతు, దానికి పోటు ఎనిమిది, పడవ ముక్కు ఎత్తు నాలుగు, మొత్తం 22. దానికి ఐదింతలు అంటే 110 అడుగులు వదలాలి. పైనున్న ఆల్బమార్ల్‌లో ఇదేమీ ఉండదు, అక్కడ గాలి ఎటు తోస్తే నీళ్లు అటు.

గుర్తులు తేలిక. దక్షిణానికి వెళ్తుంటే ఎర్రవి కుడివైపు, పచ్చవి ఎడమవైపు. నదులు కలిసేచోట రంగులు తారుమారవుతాయి, అప్పుడు గుర్తు మీద అంటించిన చిన్న పసుపు బొమ్మ చూడండి. త్రికోణమైతే మీకు కుడివైపు, చతురస్రమైతే ఎడమవైపు ఉండాలి, అసలు రంగు ఏదైనా సరే.

వంతెనల గురించి మీకు బెంగ అక్కర్లేదు. కదలని వంతెనలు సాధారణంగా 65 అడుగులు, మయామిలో ఒకటి 56. మీ 48 హాయిగా పోతుంది, కాకపోతే పైన యాంటెన్నా కూడా కలిపి కొలవండి. తెరిచే వంతెనల వాళ్లని రేడియోలో పిలవాలి: వర్జీనియా, నార్త్ కరోలినాల్లో 13వ ఛానల్, ఆ కింద 9. చాలావాటికి టైం ప్రకారమే తెరుస్తారు, ఐదు నిమిషాలు లేటైతే గంట చక్కర్లు కొట్టాలి.

జవాబు (ఫ్లోరిడా నుంచి)

ఇరుక్కోవడం గురించి అందరూ చెప్తారు, నేను డీజిల్ గురించి చెప్తా తమ్ముడూ. పాత పడవ అన్నావు కదా. మేం ఆల్బమార్ల్ సౌండ్ మధ్యలో ఉన్నాం. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ కాబట్టి కొంచెం గాలికే పొట్టిగా, నిటారుగా అలలు లేస్తాయక్కడ. ఆ కుదుపుకి ట్యాంకు అడుగున ఇరవై ఏళ్లుగా పేరుకున్న మడ్డి అంతా పైకి లేచి ఫిల్టర్‌లోకి వచ్చింది. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మావారు లంగరు వేస్తే, నేను కింద తలకిందులుగా వంగి ఫిల్టర్ మార్చాను. చేతులకి డీజిల్ వాసన మూడు రోజులు పోలేదు, అన్నం కూడా స్పూనుతోనే తిన్నా. స్పేర్ ఫిల్టర్ ఒక్కటే ఉంది, అదీ మళ్లీ నిండిపోయింది. బయల్దేరేముందు ట్యాంకు శుభ్రం చేయించు, కనీసం ఆరు ఫిల్టర్లు పెట్టుకో, డాక్ దగ్గర ఉండగానే ఒకసారి మార్చి చూడు. డీజిల్ గొట్టాల్లోంచి గాలి బుడగలు తీయడం కూడా అప్పుడే వచ్చేస్తుంది.

అమ్మగారి విషయం. డిసెంబర్ మొదట్లో కరోలినాల్లో తెల్లారగట్ల డెక్ మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. గ్యాస్ పొయ్యి వెలిగించి వెచ్చబడదామని అస్సలు అనుకోకు, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండు చోట్ల పెట్టు. మెట్లు నిటారుగా ఉంటాయి, టాయిలెట్‌కి చేత్తో పంపు కొట్టాలి. ఆవిడని డిస్మల్ స్వాంప్ చూపించి పంపేయడం మంచిదని నా అభిప్రాయం. వంటకి చిన్న ప్రెజర్ కుక్కర్, పప్పులు, చింతపండు, పచ్చళ్లు మేరీలాండ్ నుంచే మోసుకెళ్లండి. దారిలో ఊళ్లలో ఇండియన్ స్టోర్ ఉంటుందని ఆశపెట్టుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. టికెట్ డిసెంబర్ 5కి, వాషింగ్టన్ నుంచి మార్చాను. మీ జవాబులు చదివి వినిపిస్తే అమ్మ అంది: "మన నరసాపురం కాలువ మీద లాకు తలుపులు తీస్తుంటే గట్టు మీద నుంచి చూసేవాళ్లం, పడవలో కూర్చుని ఎప్పుడూ చూడలేదు." ఎలిజబెత్ సిటీ దాకా వస్తుంది, అక్కడి నుంచి కారులో వెనక్కి.

ఫిల్టర్లు ఆరు ఆర్డర్ పెట్టాను. ఇంకో చిన్న సందేహం: నా లోతు మీటరు చూపించేది నీటి పైమట్టం నుంచా, పడవ అడుగు నుంచా?

జవాబు (నార్త్ కరోలినా నుంచి)

ఒక్కో పడవలో ఒక్కోలా సెట్ చేసి ఉంటుంది. అమ్మినాయన మాట వినకండి. డాక్ దగ్గరే తాడుకి బరువు కట్టి వదిలి కొలిచి, మీటరుతో పోల్చండి.

ప్రశ్న అడిగినవారు

పొద్దున కొలిచాను. తాడు 7.9 అడుగులు, మీటరు 3.1. అంటే పడవ అడుగు నుంచే చూపిస్తోంది. రెండేళ్లుగా దాన్ని మొత్తం లోతు అనుకుని, ఆరు కనిపించగానే వెనక్కి తిప్పేస్తున్నాను.