«మూడ్» బాగాలేదంటే తెలుగులో ఏమనాలి?

కొర్లగుంట వాసి:
«మూడ్‌ను తెలుగులో ఏమంటారు?» అని ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగితే «మనఃస్థితి» అన్నాను. «అలా ఎవరంటారు నాన్నా?» అని నవ్వింది. మీ ఇళ్లలో ఏమంటారు? రాసేటప్పుడు «మూడ్» అని రాస్తారా, «మూడు» అనా?

బంగారుపాళ్యం మామిడి:
దయచేసి «మూడు» అని రాయకండి. నిరుడు మండీలో తోతాపురి దింపిస్తుండగా మా ఆవిడ «మూడు బాగాలేదు, తొందరగా రండి» అని వాట్సాప్‌లో పెట్టింది. పొద్దున ఇంటికి పంపిన క్రేట్లలో మూడు చెడిపోయాయనుకొని, హమాలీతో గొడవపడి, ఇంకో మూడు క్రేట్లు వేసుకొని వెళ్లాను. ఆ హడావిడిలో «లేదు», «లేవు» ఎవరు చూస్తారు? రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు.

విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు:
31 ఏళ్లు ఇంగ్లిషు బోధించినవాణ్ణి కనుక చెబుతున్నాను. ఆజ్ఞనో సందేహాన్నో తెలిపే క్రియారూపానికీ వ్యాకరణంలో మూడ్ అనే పేరు. మాట్లాడేవాడి మనసును బట్టి క్రియ మారుతుంది కనుక రెండూ ఒకే మాట.

తిరుచానూరు పాఠకుడు:
మాస్టారూ, 31 ఏళ్లూ పిల్లలకు ఇదే చెప్పారా? మనసుకు సంబంధించిన మూడ్ పాత ఇంగ్లిషు «మోడ్» నుంచి వచ్చింది. దానికి అప్పట్లో మనసనీ ధైర్యమనీ అర్థం, జర్మన్‌లో «మూట్» అంటే నేటికీ ధైర్యమే. వ్యాకరణంలోనిది «రీతి» అనే అర్థంగల లాటిన్ «మోడుస్».

విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు:
నిఘంటువు తిరగేసి ఎవరైనా మాట్లాడగలరు. «చెయ్యి», «చేద్దాం», «చేయుగాక» అనే రూపాల్లో మనసు లేదంటారా?

తిరుచానూరు పాఠకుడు:
మనసుంది, వ్యుత్పత్తే లేదు.

చిత్తూరు నర్సు:
మా వార్డులో రోగి తన మనసు ఎలా ఉందని చెబితే అది మూడ్, ముఖంలో మాకు కనిపించేది అఫెక్ట్. కేసు షీటులో రెండూ వేరుగా రాస్తాం. «నాకేం, బాగానే ఉన్నాను» అంటూనే కొంగు చివరను నలుపుతూ కూర్చునేవాళ్లను ఎందరినో చూశాను. దిగులు రెండు వారాలుగా రోజంతా వదలకపోతే, «మూడ్ లేదులే» అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

పలమనేరు కోడలు:
«మనసు సరిగా లేదు» అంటే మా అత్తగారు పక్కన కూర్చుంటారు. «మూడ్ ఔట్» అంటే మాత్రం వంట ఎగ్గొట్టే ఎత్తు అంటారు. ఈ «మూడ్ ఔట్» మాకు వేలూరు చుట్టాలు అంటించినదే.

కొర్లగుంట వాసి:
మా అమ్మాయికి అత్తగారి మాట నచ్చిందమ్మా. మరి «చదివే మూడ్ లేదు» అంటే?

పలమనేరు కోడలు:
«చదవబుద్ధి కావడం లేదు». అది అందరూ అనేదే కదండీ.

విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు:
బుద్ధి వేరు, మనసు వేరు.