ద్రవ బ్లీచ్‌లో నీలిరంగు నిలవడం లేదు: రంగు మార్చాలా, పద్ధతి మార్చాలా?

నీలి_సీసా అడిగిన ప్రశ్న

నేను ఒక్కో విడతకు 50 లీటర్ల చొప్పున, గచ్చులూ స్నానాలగదులూ శుభ్రం చేసుకోవడానికి పనికివచ్చే ద్రవ బ్లీచ్ తయారుచేస్తుంటాను. అందులో తెల్లబరిచే రసాయనమైన సోడియం హైపోక్లోరైట్ 4 శాతం ఉంటుంది. క్షారగుణాన్ని చెప్పే పీహెచ్ 12కు దగ్గరగా ఉండేలా కాస్టిక్ సోడా కలుపుతాను. ఎవరూ మంచినీళ్లని పొరబడకుండా దానికి లేత నీలిరంగు ఇవ్వాలన్నది నా ఉద్దేశం. ఆరు నెలలుగా ఆ ఒక్క పనీ కుదరడం లేదు.

మొదట ఆహార పదార్థాల్లో వాడే నీలిరంగు వేశాను. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి ద్రవం తెల్లబోయింది, దానితోపాటు నేనూ. తరువాత బట్టల అద్దకంలో వాడే టర్కాయిస్ నీలం తెచ్చి కలిపితే, రెండు రోజులు బాగానే ఉండి మూడోనాటికి పసుపు ఛాయకు తిరిగింది. మూడోసారి పెయింట్లలో కలిపే నీలం పిగ్మెంట్ పేస్టు వాడాను. ఈసారి రంగు పోలేదు గానీ, వారం తిరిగేసరికి సీసా అడుగున నీలం మడ్డి పేరుకుని, పైన తేట మిగిలింది. ఊపితే కలుస్తుంది, మళ్లీ దిగిపోతుంది.

దీనికి తోడు మరో విచిత్రం జరిగింది. ఏ రంగూ కలపకుండా పక్కన పెట్టిన ఒక విడత, పది రోజులకు దానంతటదే గులాబీ ఛాయకు వచ్చింది. బ్లీచ్‌లో నిలిచే రంగు అసలు ఉందా? ఉంటే అది అడుగుకు దిగకుండా ఎలా ఆపాలి? ఆ గులాబీరంగు ఎక్కడి నుంచి వచ్చింది? తెలిసినవారు వివరించగలరు.

క్షారజలం ఇచ్చిన సమాధానం

మీరు వేసిన మొదటి రెండు రంగులు చెడిపోలేదండీ. బ్లీచ్ తన పని తాను చేసింది. అద్దకపు రంగుల అణువుల్లో ఒకటి విడిచి ఒకటిగా వరుసగా సాగే జంట బంధాల గొలుసు వల్లనే వాటికి రంగు వస్తుంది. హైపోక్లోరైట్ ఆ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచిందంటే రంగు పోయినట్టే. నీలిమందు దీనికి చాలా పాత ఉదాహరణ: 1824లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే లుస్సాక్ బ్లీచింగ్ పౌడర్ బలాన్ని కొలవడానికి నీలిమందు ద్రావణాన్నే వాడాడు. ఎంత నీలం పోతే అంత క్లోరిన్ ఉన్నట్టు లెక్క. ఆయన కొలబద్దగా వాడుకున్న లక్షణాన్నే మనం లోపమని తిట్టుకుంటున్నాం.

నీళ్లలో కరిగే సేంద్రియ రంగుల మీద ఇక సమయం వృథా చేయకండి. కరిగిన రంగులో ప్రతి అణువూ విడివిడిగా హైపోక్లోరైట్‌కు ఎదురుపడుతుంది. కరగని పిగ్మెంట్‌లోనైతే పైపొర అణువులు మాత్రమే బయటికి కనిపిస్తాయి, లోపలివి స్ఫటికంలో భద్రంగా ఉంటాయి. మీ టర్కాయిస్ అద్దకపు రంగు బహుశా ఫ్తాలోసయనిన్ జాతిదే, అంటే నడుమ రాగి ఉన్న వలయాకారపు అణువే, అయి ఉంటుంది. అదే వలయానికి నీళ్లలో కరిగేందుకు సల్ఫోనిక్ సమూహాలు తగిలిస్తే రెండు రోజుల్లో పోయింది; కరగని పిగ్మెంట్ రూపంలో మీ మూడో ప్రయత్నంలో నిలిచింది. మీకు తెలియకుండానే చక్కని ప్రయోగం చేశారు.

బ్లీచ్‌లో నిలుస్తాయని ధైర్యంగా చెప్పగలిగినవి చాలా కొద్ది. రాగి ఫ్తాలోసయనిన్ నీలం ఒకటి. దాని అంచున ఉన్న 16 హైడ్రోజన్ స్థానాలను దాదాపుగా క్లోరిన్‌తో నింపితే వచ్చే ఫ్తాలోసయనిన్ ఆకుపచ్చ రెండోది; అప్పటికే క్లోరిన్‌తో నిండిన అణువును మళ్లీ క్లోరిన్ ఏం చేస్తుంది? మూడోది అల్ట్రామెరీన్ నీలం. అది అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌లతో ఏర్పడిన పంజరంలో మూడేసి గంధకపు పరమాణువులు చిక్కుకున్న ఖనిజం. క్షారానికి చెక్కుచెదరదు గానీ, ఆమ్లం తగిలితే కుళ్లిన గుడ్ల వాసన కొడుతూ విరిగిపోతుంది. అయినా బ్లీచ్‌లో ఆమ్లం కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది కనుక, ఆ పరిస్థితి రాకూడదు, రానివ్వకూడదు.

పసుపు కోసం పొటాషియం డైక్రోమేట్ కలపమని పాతకాలపు సలహాలు కొన్ని తిరుగుతుంటాయి. అందులో ఉండే ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. ఇంట్లో వాడే వస్తువులో దానికి చోటు లేదు.

మడ్డి_తేట ఇచ్చిన సమాధానం

పైవారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తూ, మడ్డి సంగతి నేను చెబుతాను. రంగు ఎంపిక అయిపోయాక మీ సమస్య రసాయనం నుంచి భౌతికశాస్త్రానికి మారుతుంది. స్టోక్స్ సూత్రం ప్రకారం, రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గానికీ, రేణువుకూ ద్రవానికీ మధ్య ఉన్న సాంద్రత తేడాకూ అనులోమంగా, ద్రవపు స్నిగ్ధతకు, అంటే చిక్కదనానికి, విలోమంగా ఉంటుంది. అల్ట్రామెరీన్ సాంద్రత దాదాపు 2.35, ఫ్తాలోసయనిన్ నీలానిది దాదాపు 1.6, మీ బ్లీచ్‌ది 1.07 చిల్లర. నీళ్లలా పలచగా ఉన్న బ్లీచ్‌లో ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసమున్న అల్ట్రామెరీన్ రేణువు రోజుకు సుమారు 5 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే నాలుగైదు రోజుల్లో సీసా అంతా తేటపడుతుంది. 0.1 మైక్రాన్ ఫ్తాలోసయనిన్ రేణువు మాత్రం రోజుకు 0.2 మిల్లీమీటరు మాత్రమే దిగాలి.

మరి మీది వారానికే ఎందుకు దిగింది? రేణువులు ఒకదానికొకటి అంటుకుని గుత్తులుగా మారి ఉంటాయి. బ్లీచ్‌లో హైపోక్లోరైట్‌తో పాటు అణువుల లెక్కలో దాదాపు అంతే ఉప్పు కూడా ఉంటుంది కదా. ఆ లవణాలు రేణువుల మధ్య ఉండే విద్యుత్ వికర్షణను అణచివేస్తాయి. పైగా పేస్టులో రేణువులను విడివిడిగా ఉంచడానికి వేసిన సేంద్రియ పదార్థాన్ని హైపోక్లోరైట్ తినేస్తుంది. కాపలావాళ్లు పోయాక గుంపు కట్టక ఏం చేస్తాయి?

దీనికి మార్గం ద్రవాన్ని చిక్కబరచడం. గ్జాంతన్ జిగురు, సెల్యులోజ్ జిగురు వంటివి మొదటిరోజు ముచ్చటగా చిక్కబడినా, హైపోక్లోరైట్ వాటి గొలుసులను నరికేయడంతో కొద్దికాలంలోనే నీళ్లయిపోతాయి. చిక్కటి బ్లీచ్‌ల తయారీలో ఎక్కువగా వాడేది లారిల్ డైమిథైల్ అమీన్ ఆక్సైడ్ అనే డిటర్జెంట్ లాంటి పదార్థం, దానికి తోడుగా కొద్దిగా సంతృప్త కొవ్వు ఆమ్లపు సబ్బు. ఈ రెండూ కలిసి వానపాముల్లా పొడవైన మిసెల్‌లుగా (అణువుల గుంపులుగా) అల్లుకుని ద్రవానికి చిక్కదనం ఇస్తాయి. స్నిగ్ధత వందరెట్లు పెరిగితే దిగే వేగం వందో వంతుకు పడిపోతుంది. ఇంకా మంచిది ఏమిటంటే, కదపనంతసేపూ జెల్లీలా నిలబడి, వంచితే జారే గుణాన్ని సాధించడం. అప్పుడు రేణువు నెమ్మదిగా దిగడం కాదు, ఉన్నచోటే ఉండిపోతుంది.

ఒక జాగ్రత్త: ఈ మిశ్రమాల చిక్కదనం ఉప్పు మోతాదు మీద ఆధారపడి ఉంటుంది. హైపోక్లోరైట్ విడత మారితే, దానితో వచ్చే ఉప్పు మారితే, చిక్కదనం కూడా మారుతుంది. ప్రతి విడతకూ చిన్న బీకరులో ముందుగా చేసి చూసుకోండి.

నీలి_సీసా

ఇద్దరికీ కృతజ్ఞతలు. మడ్డి_తేట గారు పేస్టు గురించి అన్న మాట నన్ను ఒక లెక్క వైపు నడిపించింది. పేస్టు కలిపిన నమూనానూ, కలపని నమూనానూ 40 డిగ్రీల దగ్గర మూడు వారాలు ఉంచి, పొటాషియం అయోడైడ్, ఎసిటిక్ ఆమ్లం, 0.1 నార్మల్ గాఢత గల థయోసల్ఫేట్‌తో బ్లీచ్ బలాన్ని కొలిచిన అంకెలు (ఎంత థయోసల్ఫేట్ పడితే అంత బలం) నా పుస్తకంలో అప్పటికే ఉన్నాయి. 10 మిల్లీలీటర్ల బ్లీచ్‌ను 100కు పలచబరచి, అందులోంచి 10 తీసుకుంటే మొదటిరోజు రెండింటికీ 10.7 మిల్లీలీటర్ల థయోసల్ఫేట్ పట్టింది. ఒక్కో మిల్లీలీటరుకు 3.72 మిల్లీగ్రాముల హైపోక్లోరైట్ చొప్పున అది దాదాపు 4 శాతం. మూడు వారాల తరువాత పేస్టు లేనిదానికి 9.9, ఉన్నదానికి 8.1. రంగు చూసి మురిసిపోయి ఈ తేడాను నేను పట్టించుకోలేదు. పేస్టులోని పదార్థాలు బ్లీచ్‌ను ఇంతగా తినేస్తాయా, లేక పిగ్మెంట్‌లోని రాగి కారణమా?

క్షారజలం

రెండూ కావచ్చు. ఫ్తాలోసయనిన్ వలయం నడుమ బిగుసుకుని ఉన్న రాగి మామూలుగా బయటికి రాదు. కానీ సరిగా కడగని పిగ్మెంట్‌లో విడిగా మిగిలిన రాగి లవణాలు ఉంటాయి. రాగి, నికెల్, కోబాల్ట్ హైపోక్లోరైట్‌ను ఉప్పుగానూ ఆక్సిజన్‌గానూ విరగగొట్టే ఉత్ప్రేరకాలు. అతి స్వల్ప మోతాదు చాలు. గుర్తుపట్టడం తేలిక: పేస్టులోని గ్లైకాల్ వంటి పదార్థాలే కారణమైతే బలం మొదట వేగంగా పడి, అవి అయిపోయాక ఆ నష్టం ఆగుతుంది, లోహమే కారణమైతే ఆగకుండా పడుతూనే ఉంటుంది, సీసా మూత తీస్తే ఆక్సిజన్ బుస్సుమంటుంది. అందుకని మూడు వారాల చివర ఒక్కసారి కాకుండా, మూడురోజులకోసారి కొలవండి. పేస్టు మాని, విడిగా మిగిలిన రాగి తక్కువగా ఉన్న పొడి పిగ్మెంట్‌ను మీ అమీన్ ఆక్సైడ్‌లోనే నూరి కలపడం నాకు మెరుగైన దారిగా తోస్తోంది.

ఇక గులాబీరంగు. అది మీ నీళ్లలోని మాంగనీస్ అని నా అనుమానం. భూగర్భజలంలో కరిగి ఉన్న మాంగనీస్‌కు రంగు ఉండదు. క్షార హైపోక్లోరైట్ దాన్ని నెమ్మదిగా ఆక్సీకరించి, రంగున్న పర్మాంగనేట్‌గా మారుస్తుంది. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము మాంగనీస్ అలా మారినా, అరచేతి వెడల్పు సీసాలో గులాబీ ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. ఇనుము కూడా గట్టి క్షారంలో ఫెర్రేట్‌గా మారి ఊదారంగు ఇవ్వగలదు, కానీ అది ఎక్కువకాలం నిలవదు, తుప్పురంగు మడ్డిగా అడుగుకు చేరుతుంది. మీ సీసాలో తుప్పు లేకుండా గులాబీ అలాగే ఉంటే మాంగనీస్ అనుకోవచ్చు.

అదే హైపోక్లోరైట్‌ను ఒక సీసాలో మీ నీళ్లతో, మరో సీసాలో ఖనిజాలు తీసిన నీళ్లతో పలచబరచి పక్కపక్కన పెట్టండి. లోహాలను బంధిస్తుందని ఈడీటీఏ మాత్రం కలపకండి. హైపోక్లోరైట్ దాన్నే విరగగొడుతుంది. ఇత్తడిలో రాగి ఉంటుంది కనుక, మీ డ్రమ్ముకు ఇత్తడి కొళాయి ఉంటే ఈరోజే తీసేసి ప్లాస్టిక్‌ది బిగించండి.

గాజుపలక

చర్చ చదివాక ఒక మాట అడగాలనిపించింది. ఈ నీలం కనబడాలంటే సీసా పారదర్శకంగా ఉండాలి కదా? హైపోక్లోరైట్ అయాన్ 292 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనబడని అతినీలలోహిత ప్రాంతంలో, కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. ఆ శోషణ తోక కనబడే ఊదా కాంతి దాకా సాగుతుంది కనుకే బ్లీచ్‌కు ఆ లేత ఆకుపచ్చ పసుపు. వెలుతురు పడే గూట్లో పారదర్శక సీసా పెడితే రంగు నిలిచినా బ్లీచ్ నిలవదు. బ్లీచ్‌ను టైటానియం డయాక్సైడ్ కలిపిన తెల్లటి పాలిథిలీన్ సీసాల్లో నింపేది అందుకే. మీ ఉద్దేశం మంచినీళ్లని పొరబడకుండా చూడడమే అయితే, సీసానే నీలంగా, వెలుతురు చొరకుండా చేయించి, పిల్లలు తీయలేని మూత బిగించడం తేలిక. సీసాలోంచి గ్లాసులోకి పోసినప్పుడూ రంగు తెలియాలంటే మాత్రం పైవారు చెప్పిన శ్రమ పడక తప్పదు.

40 డిగ్రీల పరీక్ష గురించి ఒక చిన్న హెచ్చరిక. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బ్లీచ్ విఘటనం (విరిగిపోవడం) మూడు నాలుగు రెట్లు వేగవంతం అవుతుంది కాబట్టి, అక్కడ నాలుగు వారాలు 25 డిగ్రీల దగ్గర సుమారు ఆరు నెలలకు సమానం. మడ్డి దిగడానికి ఈ లెక్క వర్తించదు. దానికి మామూలు గదిలో, కదపకుండా, నిజంగానే నెలల తరబడి ఎదురుచూడాలి.

నీలి_సీసా

ఇత్తడి కొళాయే ఉంది. నిన్న సాయంత్రం తీసేశాను, లోపలి అంచు ఆకుపచ్చగా తిరిగి ఉంది. నేను ఆలోచించింది గ్లాసులో పోసినప్పటి సంగతే కాబట్టి రంగు వదులుకోను, కానీ సీసా కూడా మారుస్తాను. ఖనిజాలు తీసిన నీళ్లతో, అమీన్ ఆక్సైడ్‌లో నూరిన ఫ్తాలోసయనిన్ నీలంతో ఒక లీటరు, రంగు లేకుండా ఒక లీటరు, పాత నీళ్లతో మరో లీటరు ఈ ఉదయం కలిపాను. ఒక్కోదాంట్లో సగం 40 డిగ్రీల అలమరలో, సగం చీకటి గూట్లో ఉన్నాయి. మూడోరోజు అంకెలు ఇక్కడే రాస్తాను.